గేటు లేని సరిహద్దు పక్కన: ఆఖెన్‌కి కొత్తగా వచ్చినవారికి

జర్మనీ పడమటి అంచున ఉన్న ఆఖెన్‌లో రూమ్ వెతుక్కునే ప్రతి స్టూడెంట్‌కీ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు: "వాల్స్‌లో చూడు, అద్దె తక్కువ, సిటీ బస్సు కూడా ఉంది." వాల్స్ ఊరు నెదర్లాండ్స్‌లో ఉంది. ఆఖెన్‌లో చదువుతూ అక్కడ ఉండే జర్మన్ పిల్లలు చాలామందే. పొద్దున బస్సెక్కి దేశం దాటి క్లాసుకి వస్తారు, సాయంత్రం మళ్లీ దేశం దాటి ఇంటికి పోతారు. దారిలో గేటు లేదు. ఇది చూసి మనవాళ్లలో కొందరు కూడా అక్కడ అద్దె కాంట్రాక్టు మీద సంతకం పెట్టేస్తారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

మీ చేతిలో ఉన్నది జర్మనీ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్. జర్మనీలో ఉండటానికి ఇచ్చారు కాబట్టి జర్మనీలోనే ఉండాలి. వాల్స్‌లో కాపురం పెట్టాలంటే నెదర్లాండ్స్ ఇచ్చే పర్మిట్ విడిగా కావాలి. అది లేకుండా అక్కడి మున్సిపాలిటీలో పేరు నమోదు కాదు. ఇటు జర్మనీలో ఇంటి అడ్రస్ లేకపోతే అన్మెల్డుంగ్ (అడ్రస్ నమోదు) ఉండదు, పర్మిట్ పొడిగింపు దగ్గర చిక్కు వస్తుంది. మీ పక్కన కూర్చునే జర్మన్ అబ్బాయికి ఈ తలనొప్పులేవీ లేవు, ఎందుకంటే అతను యూరోపియన్ యూనియన్ పౌరుడు. ఇద్దరూ ఎక్కేది ఒకటే బస్సు. దిగాక మాత్రం ఒకరికి అక్కడ ఉండే హక్కు ఉంది, ఇంకొకరికి చూసి వచ్చే వీలు మాత్రమే ఉంది.

మనకిది అర్థంకాని విషయం కాదు. కోదాడ దాటి అటు జగ్గయ్యపేటకి పోయినా, ఇటు సూర్యాపేటకి వచ్చినా ఎవరూ ఆపరు. కాలేజీ సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం "లోకలా, నాన్‌లోకలా" అని స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఇక్కడా అంతే, రోడ్డు లెక్క వేరు, కాగితం లెక్క వేరు. రోడ్డుని చూసి కాగితం కూడా అలాగే ఉంటుందనుకోవడం వల్లే కొత్తవాళ్లకి ఇబ్బందులన్నీ వస్తాయి.

ఇవి రెండు వేర్వేరు ఏర్పాట్లు

గేట్లు తీసేయడం ఒక ఏర్పాటు, దాని పేరు షెంగెన్. లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున షెంగెన్ అనే చిన్న పల్లె ఉంది. 1985 జూన్ 14న అక్కడ నదిలో ఆగిన ప్రిన్సెస్ మరీ-ఆస్ట్రిడ్ అనే పడవ మీద ఐదు దేశాలు సంతకాలు చేశాయి: బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఫ్రాన్స్, అప్పటి పశ్చిమ జర్మనీ. తనిఖీలు నిజంగా ఎత్తేయడానికి 1995 మార్చి దాకా పట్టింది. ఇప్పుడు ఇందులో 29 దేశాలున్నాయి. క్రొయేషియా 2023లో చేరింది. రొమేనియా, బల్గేరియాలు 2025 జనవరితో పూర్తిగా లోపలికి వచ్చాయి.

వేరే దేశం వెళ్లి అక్కడ ఉండి పనిచేసుకునే హక్కు రెండో ఏర్పాటు. దీని మొదలు 1957 నాటి రోమ్ ఒప్పందంలో ఉంది. అప్పట్లో అది కార్మికుల కోసం పెట్టిన హక్కు. ఇటలీ నుంచి వచ్చి బెల్జియం బొగ్గు గనుల్లో దిగినవాళ్ల కాలం అది. 1992 ఫిబ్రవరిలో మాస్ట్రిఖ్ట్‌లో ఇంకో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, యూరోపియన్ యూనియన్ పౌరసత్వం అనేది అక్కడ పుట్టింది. మాస్ట్రిఖ్ట్ ఆఖెన్‌కి పక్క ఊరే, రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ పౌరసత్వానికి ఒక షరతు ఉంది: ముందు ఏదో ఒక సభ్యదేశం పౌరులై ఉండాలి. యూరోపియన్ యూనియన్ నేరుగా ఎవరికీ పౌరసత్వం ఇవ్వదు.

ఆ హక్కు వాళ్లకీ పూర్తిగా షరతులు లేనిదేం కాదు. మూడు నెలలు దాటి వేరే దేశంలో ఉండాలంటే ఉద్యోగమో, చదువో, లేదా సొంత డబ్బూ ఆరోగ్య బీమా ఉండాలి. బ్రెక్సిట్‌కి ముందు బ్రిటన్‌లో జరిగిన గొడవలో పెద్ద వాటా ఈ రెండో ఏర్పాటు గురించే, గేట్ల గురించి కాదు. బ్రిటన్ షెంగెన్‌లో ఎప్పుడూ లేదు.

ఈ రెంటినీ విడదీసి చూస్తే మీ లెక్క తేలికవుతుంది. జర్మనీ పర్మిట్ ఉంటే మొదటి ఏర్పాటు మీకూ వర్తిస్తుంది. రెండోది నేరుగా వర్తించదు.

కార్డు చేతికొచ్చాక ఎక్కడెక్కడికి

జర్మనీ పర్మిట్‌తో మిగతా షెంగెన్ దేశాలకి వీసా లేకుండా వెళ్లొచ్చు, ఏ 180 రోజుల్లో లెక్కించినా 90 రోజులు మించకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే. జర్మనీలో గడిపిన రోజులు ఈ 90లోకి రావు. బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అన్నీ కలిపి 90 అన్నమాట, దేశానికి 90 కాదు. ప్రతి శనివారం వాల్స్ వెళ్లి కాఫీ పొడి తెచ్చుకున్నా రోజు లెక్కలోకి వస్తుంది. (అన్నట్టు, ఆఖెన్ జనం నిజంగానే కాఫీ పొడి కోసం సరిహద్దు దాటుతారు. జర్మనీలో కాఫీ మీద ప్రత్యేక పన్ను ఉంది, అక్కడ లేదు.)

అమ్మానాన్నలు విజిట్‌కి వస్తే వాళ్ల లెక్క వేరు. వాళ్లకి జర్మనీ రోజులు కూడా 90లోకే వస్తాయి. 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు మీద ముద్రలకి బదులు వేలిముద్రలు, ఫొటోతో నమోదు చేసే పద్ధతి మొదలైంది. ముద్ర సరిగా కనబడలేదు, తారీఖు చెరిగిపోయింది లాంటి మాటలు ఇక చెల్లవు, ఒక్కరోజు ఎక్కువైనా కంప్యూటర్ చూపిస్తుంది. రిటర్న్ టికెట్ 90వ రోజుకి కాకుండా కొంచెం ముందుకే వేయండి. పర్మిట్ ఉన్న మీకు ఈ నమోదు లేదు.

ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది, యూనియన్‌లో లేదు. కాబట్టి డబ్లిన్‌లో ఉన్న మీ కజిన్ పారిస్ చూడాలంటే షెంగెన్ వీసాకి అప్లై చేయాలి, మీరు డబ్లిన్ వెళ్లాలంటే ఐరిష్ వీసా తీసుకోవాలి. ఒకరి పెళ్లికి ఇంకొకరు వెళ్లాలన్నా ఇదే తంతు. టికెట్లు బుక్ చేశాక ఈ సంగతి తెలిసినవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

ఊరు దాటితే చాలు, పాస్‌పోర్టూ కార్డూ రెండూ జేబులో ఉండాలి. ఫోన్‌లో ఫొటో సరిపోదు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీద తాత్కాలిక తనిఖీలు పెట్టింది, తర్వాత పొడిగిస్తూ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో నెదర్లాండ్స్ కూడా మొదలుపెట్టింది. మీ కంటికి గేటేమీ కనబడదు. రైలు కదిలాక ఇద్దరు పోలీసులు బోగీలో నడుచుకుంటూ వస్తారు, లేదా హైవే పక్కన ఒక కారుని ఆపుతారు. అందర్నీ అడగరు. మన రంగు ముఖాల దగ్గర ఎక్కువసార్లు ఆగుతారని ఇక్కడ ఏళ్లుగా ఉన్న మనవాళ్లలో చాలామంది అంటారు, నా అభిప్రాయమూ అదే. అక్కడ వాదన పెట్టుకుంటే మీ రైలే తప్పుతుంది. రెండు కాగితాలూ చూపించి, కారణం అడగాలనిపిస్తే మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

పర్మిట్ పొడిగింపులో ఉండగా ఇచ్చే తాత్కాలిక కాగితం ఒకటుంది, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. పేరు పలకడం వచ్చేలోగా కొత్త కార్డు వచ్చేస్తుందని మనవాళ్ల జోకు. అందులో మూడు గళ్లుంటాయి, ఏ గడిలో టిక్ పెట్టారన్న దాన్ని బట్టి మీ పరిస్థితి మారుతుంది. పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క అనే గడి ఉంటే ఇండియా వెళ్లి తిరిగి రావచ్చు. అది కాకపోతే పర్మిట్ ఇచ్చే ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు చేతికి వచ్చాకే సరిహద్దు దాటండి. "నా ఫ్రెండ్ వెళ్లొచ్చాడు" అన్నది జవాబు కాదు.

చిన్న విషయాలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. 2017 జూన్ నుంచి యూనియన్ దేశాల్లో మీ ఫోన్ ప్లాన్ రోమింగ్ చార్జీ లేకుండా నడుస్తుంది, స్విట్జర్లాండ్‌లో ఆ నిబంధన లేదు. ఎమర్జెన్సీ నంబర్ అంతటా 112. ప్రభుత్వ బీమా కార్డు వెనకవైపు యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది. యూనియన్ పౌరులు కానివారికి అది డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లిక్టెన్‌స్టైన్‌లో పనిచేయదు. ఆల్ప్స్‌కి స్కీయింగ్ ట్రిప్ అని ఉత్సాహపడే ముందు ప్రయాణ బీమా తీసుకోండి. మన ఇండియన్ డ్రైవింగ్ లైసెన్సు జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది.

పని సరిహద్దు దాటినప్పుడు

జర్మనీ స్టూడెంట్ పర్మిట్ మీద ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. అది జర్మనీలో చేసే పనికి. వాల్స్‌లో రెస్టారెంట్‌లో వీకెండ్ పని దొరికిందంటే, ఎంత దగ్గరైనా, ఆ పర్మిట్ మీద చేయకూడదు. యజమానికి ఇది తెలియకపోవచ్చు, ఇబ్బంది మాత్రం మీకూ వస్తుంది.

ఉద్యోగస్తులు ల్యాప్‌టాప్ పట్టుకుని లిస్బన్‌లో నెల రోజులు కూర్చుని పనిచేద్దామనుకుంటారు. 90 రోజుల వెసులుబాటు తిరగడానికి, బంధువుల్ని చూడటానికి. అక్కడ కూర్చుని పనిచేస్తే పర్మిట్‌తో పాటు పన్ను, సోషల్ సెక్యూరిటీ ప్రశ్నలు కూడా లేస్తాయి. మేనేజర్ "ఓకే" అన్నంత మాత్రాన కుదిరినట్టు కాదు, హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా రావాలి.

కంపెనీయే మిమ్మల్ని బెల్జియంలోని క్లయింట్ దగ్గరికి పంపితే పద్ధతి ఇంకోటి. దీని వెనక ఒక కేసుంది. బెల్జియంలో వాండర్ ఎల్స్ట్ అనే ఆయనకి భవనాలు పడగొట్టే కంపెనీ ఉండేది. ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో పని దొరికితే తన దగ్గర చట్టబద్ధంగా పనిచేస్తున్న మొరాకో కార్మికుల్ని తీసుకెళ్లాడు. ఫ్రాన్స్ అధికారులు వర్క్ పర్మిట్ లేదని జరిమానా వేశారు. 1994లో యూరోపియన్ కోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది: ఒక సభ్యదేశంలో పద్ధతిగా పనిచేస్తున్నవాళ్లని కంపెనీ ఇంకో సభ్యదేశానికి పని మీద పంపితే మళ్లీ వర్క్ పర్మిట్ అడగకూడదు. ఈరోజు ఐటీ ప్రాజెక్టుల మీద తిరిగే మనవాళ్లు అప్పటి ఆ కార్మికుల కేసు మీదే నడుస్తున్నారు. ఒక్కటి గమనించండి, అక్కడ గెలిచింది కార్మికుడి హక్కు కాదు, కంపెనీ తన సేవలు అమ్ముకునే హక్కు. మీరు దాని వెంట వెళ్తున్నారు, అంతే. అందుకే వెళ్లేముందు కంపెనీ అక్కడి అధికారులకి ఇవ్వాల్సిన నోటీసు ఇచ్చిందా, ఏ1 సర్టిఫికెట్ (మీ సోషల్ సెక్యూరిటీ జర్మనీలోనే ఉందని చూపే కాగితం) తెప్పించిందా అని అడగండి. ఇవి అడిగినందుకు ఎవరూ చెడ్డగా అనుకోరు.

సొంతంగా దేశం మారాలంటే కూడా దార్లున్నాయి. అన్నిటికన్నా ఉపయోగపడేది బ్లూ కార్డు, అంటే పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్. జర్మనీలో బ్లూ కార్డు మీద 12 నెలలు పూర్తయితే, ఆ పథకంలో ఉన్న ఇంకో దేశానికి ఉద్యోగం చూసుకుని నేరుగా వెళ్లి, నెల లోపు అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. ఐర్లాండ్, డెన్మార్క్ ఈ పథకంలో లేవు. పేరులో "యూరోపియన్" ఉంది కదా అని మొదటి రోజు నుంచీ ఎక్కడైనా పనిచేయొచ్చనుకోకండి, ఇచ్చిన దేశంలోనే అది చెల్లుతుంది. ఆఖెన్‌లో మాస్టర్స్ అయినవాళ్లకి ఇంకో సంగతి. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ దొరుకుతుంది, అది చాలామందికి తెలుసు. ప్రపంచ ర్యాంకింగ్‌లలో మొదటి 200లో ఉన్న యూనివర్సిటీల నుంచి మాస్టర్స్ చేసినవాళ్లకి నెదర్లాండ్స్ ఏడాది పాటు ఉద్యోగం వెతుక్కునే పర్మిట్ ఇస్తుంది. డిగ్రీ వచ్చిన మూడేళ్ల లోపు అడగాలి. అయిండ్‌హోవెన్ చుట్టుపక్కల చిప్ మెషీన్ల కంపెనీల మీద మనసున్నవాళ్లు దీన్ని వదులుకోకండి.

ఐదేళ్లయ్యాక జర్మనీలో రెండు రకాల పర్మనెంట్ కార్డులు కనబడతాయి. మనవాళ్లు రెంటినీ "పీఆర్" అనేస్తారు. ఒకటి నీడర్‌లాసుంగ్స్‌ఎర్లౌప్నిస్, అది జర్మనీ సొంత కార్డు. ఆరు నెలలకి మించి దేశం బయట ఉంటే మామూలుగా రద్దయిపోతుంది. రెండోది డావర్‌ఆఫెంట్‌హాల్ట్-ఇయు. దాంతో యూనియన్ బయట 12 నెలల దాకా ఉండొచ్చు, పైగా ఇంకో సభ్యదేశానికి ఉద్యోగానికో చదువుకో వెళ్లి అక్కడ పర్మిట్ అడిగే హక్కు వస్తుంది. బ్లూ కార్డువాళ్లకి మొదటిది త్వరగా వస్తుంది: జర్మన్ భాష బీ1 (మధ్యస్థాయి) ఉంటే 21 నెలలు, ఏ1 (మొదటి స్థాయి) ఉంటే 27 నెలలు. అది రాగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. నన్నడిగితే రెండోది కూడా తీసుకోవాలి. అమ్మకి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు ఊళ్లో ఉండాల్సి వచ్చిన రోజున తేడా తెలుస్తుంది.

పెళ్లి ద్వారా వచ్చే హక్కు గురించి కూడా ఒక మాట. జర్మనీలో ఉంటున్న పోలాండ్ అమ్మాయినో ఇటలీ అబ్బాయినో చేసుకుంటే, వాళ్ల స్వేచ్ఛా సంచార హక్కు (పైన చెప్పిన రెండో ఏర్పాటు) మీకూ చాలావరకు వస్తుంది. జర్మన్ పౌరుల్ని చేసుకుంటే జర్మనీ సొంత చట్టం వర్తిస్తుంది, అది కొంచెం కఠినం. విచిత్రంగా లేదూ? ఈ చట్టం చరిత్రలో మన భారతీయుడొకడు ఉన్నాడు. సురీందర్ సింగ్, భార్య బ్రిటిష్ పౌరురాలు. ఇద్దరూ 1983 నుంచి 1985 దాకా జర్మనీలో ఉద్యోగాలు చేసి బ్రిటన్ తిరిగి వెళ్లారు. తర్వాత బ్రిటన్ ఆయన్ని పంపేయబోతే, వేరే సభ్యదేశంలో పనిచేసి వచ్చిన భార్యకున్న హక్కు భర్తకీ ఉంటుందని 1992లో కోర్టు చెప్పింది. ఆ దారిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇంతకీ యూరోపియన్లు ఎవరు

ఆఖెన్ వాళ్లు మీకు తమ ఊరే యూరప్‌కి పుట్టిల్లు అన్నట్టు చెబుతారు. మధ్యయుగాల చక్రవర్తి షార్లెమేన్ ఇక్కడి నుంచి ఏలాడు, కెథడ్రల్‌లో ఆయన సింహాసనం చూపిస్తారు. 1950 నుంచి ఆయన పేరు మీద యూరప్ ఐక్యతకి పనిచేసినవారికి ఏటా బహుమతి ఇస్తున్నారు. 2002లో దాన్ని యూరో కరెన్సీకి ఇచ్చారు, మనిషికి కాదు. మీ పక్కింటి పెద్దాయన్ని "మీరెవరు" అని అడిగి చూడండి. ముందు "ఓషర్" అంటాడు, అంటే ఆఖెన్‌వాడినని. తర్వాత రైన్‌లాండ్ అంటాడు, అది ఈ ప్రాంతం పేరు. జర్మన్ అన్నది మూడో మాట. యూరోపియన్ అన్న మాట ఎన్నికలప్పుడో, అమెరికా గురించి మాట్లాడేటప్పుడో వస్తుంది. కాబట్టి "మీ యూరోపియన్లు" అని మాట మొదలుపెడితే ఎవరూ తమ గురించే అనుకోరు.

సరిహద్దు పక్కన పుట్టినవాళ్లకి దేశం అన్నది కొంచెం పలచటి సంగతే. ఆఖెన్ పక్కనున్న హెర్ట్‌సోగెన్‌రాత్‌లో ఒక వీధి ఉంది, ఒక వరస ఇళ్లు జర్మనీలో, ఎదుటి వరస నెదర్లాండ్స్‌లోని కెర్క్‌రాడెలో. మధ్యలో ఉన్న పొట్టి గోడని 1990ల్లో తీసేశారు. బెల్జియం వైపు కెల్మిస్ వెళ్తే జనం జర్మన్ మాట్లాడతారు, పాస్‌పోర్టు బెల్జియంది. ఆ ఊరు 1816 నుంచి వందేళ్లకి పైగా ఏ దేశానికీ పూర్తిగా చెందని చిన్న ముక్కగా, న్యూట్రల్ మోరెస్నెట్‌గా, ఉండేది. కారణం అక్కడి జింకు గని, ఎవరికివ్వాలో రాజులు తేల్చుకోలేకపోయారు. ఆదివారం పూట వెళ్లి రండి, మూడు దేశాలు కలిసే గుట్ట దగ్గర్లోనే ఉంది.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు బెల్జియం రోడ్లకి అడ్డంగా దిమ్మెలు పడ్డాయి. ఇక్కడివాళ్లు ఆ రోజుల గురించి ఇప్పటికీ కోపంగా చెబుతారు. పుట్టినప్పటి నుంచీ గేటు చూడని పిల్లలకి అదే మొదటి గేటు. కాన్సులేట్ల ముందు క్యూల్లో నిలబడి వచ్చిన మనకి అందులో వింత ఏముందనిపిస్తుంది. వినండి, కానీ వెంటనే మన వీసా కష్టాలతో పోటీ పెట్టకండి. వాళ్లు పోగొట్టుకున్నది వాళ్లకి నిజంగా ఉన్నదే.

ఓటు విషయంలో సరిహద్దుకి అటూ ఇటూ తేడా చూడండి. ఆఖెన్‌లో ఉంటున్న పోర్చుగీస్ వ్యక్తి ఇక్కడి మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు. పదిహేనేళ్లుగా పన్నులు కడుతున్న భారతీయ పౌరుడికి ఆ ఓటు లేదు. అదే వాల్స్‌లో ఐదేళ్లు చట్టబద్ధంగా ఉన్న భారతీయుడు మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు, నెదర్లాండ్స్ చట్టం అలా ఉంది.

పాస్‌పోర్టు మార్చుకోవాలనిపిస్తే

జర్మనీలో ఐదేళ్ల నివాసం, బీ1 స్థాయి భాష, సొంత సంపాదన, పౌరసత్వ పరీక్ష ఉంటే పౌరసత్వానికి అర్జీ పెట్టొచ్చు. 2024 జూన్ 27 నుంచి జర్మనీ పాత పాస్‌పోర్టు వదులుకోమని అడగడం లేదు. ఇది విని "డ్యూయల్ వచ్చేసింది" అని గ్రూపుల్లో మిఠాయి బొమ్మలు పెట్టుకున్నారు. భారత చట్టం మారలేదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవాలి.

ఆ రోజు నుంచి వాల్స్‌లో ఇల్లు, మాస్ట్రిఖ్ట్‌లో ఉద్యోగం, డబ్లిన్‌లో పెళ్లి, దేనికీ ఎవరినీ అడగనక్కర్లేదు. బదులుగా ఇండియాలో ఓటు, ప్రభుత్వోద్యోగం, ఎన్నికల్లో నిలబడటం పోతాయి. పొలం గురించి జనం రకరకాలుగా భయపెడతారు. వారసత్వంగా వచ్చే వ్యవసాయ భూమి ఓసీఐకి కూడా వస్తుంది. కొనడం కుదరదు, అది విదేశంలో ఉంటున్న ఎన్‌ఆర్‌ఐకి కూడా కుదరదు. గిఫ్ట్ డీడ్ మీద వ్యవసాయ భూమి తీసుకోవడమూ కుదరదు. నాన్నగారు బతికుండగానే పొలం మీ పేరున రాద్దామనుకుంటుంటే అర్జీకి ముందే ఊళ్లో మంచి లాయర్ని అడగండి. పాత పాస్‌పోర్టు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, అమ్మానాన్నల పాస్‌పోర్టుల కాపీలు ఓసీఐకి అడుగుతారు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడే ఆ కాపీలు తెచ్చి పెట్టుకోండి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందొకటీ వెనకొకటీ ఉంటే అది సరిచేయించుకోవడానికి మండల ఆఫీసు చుట్టూ తిరగాలి, దానికి సెలవులు ఎక్కువే పడతాయి.